గంగే చ యమునే "చైవ"నా, "కృష్ణే"నా?

కలశం మీద చెయ్యి పెట్టి చదివే ఈ శ్లోకం ఇక్కడ అందరికీ వచ్చే ఉంటుంది.

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

శ్రావణ శుక్రవారం పూజలో అలవాటు కొద్దీ నేను "గంగే చ యమునే కృష్ణే" అన్నాను. పక్కన అక్షతలు పట్టుకుని కూర్చున్న మా అమ్మాయి ఆపేసింది. "కృష్ణే కాదమ్మా, చైవ. మాకు క్లాసులో అలాగే చెప్పారు" అంది. ఎనిమిదో తరగతి చదువుతోంది, సంస్కృతం అంటే ఇష్టం. నాకు ఈ శ్లోకం నేర్పింది మా అమ్మమ్మ. ఇంట్లో ఉన్న వ్రతాల పుస్తకం తీసి చూస్తే అందులోనూ "కృష్ణే" అనే ఉంది. రాగి చెంబులో మామిడాకులు సర్దుతూ ఆ పూటంతా అదే ఆలోచన.

నాకు తోచినంత చెబుతాను. "చైవ" అంటే చ + ఏవ. పాదం నిండడానికి తప్ప అక్కడ దానికి పెద్ద పనేమీ లేదు. ఆ రెండక్షరాల చోట "కృష్ణే" రెండక్షరాలూ సరిగ్గా కూర్చున్నాయి. ఈ శ్లోకం నడిచే అనుష్టుప్పు ఛందస్సులో ప్రతి పాదానికీ అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు కావాలి. "ము", "నే" ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి ఛందస్సు చెడలేదు. వ్యాకరణానికీ లోటు లేదు. సీతా శబ్దానికి సంబోధన సీతే అయినట్టు, నది పేరైన కృష్ణా శబ్దానికి కృష్ణే. స్వామిని పిలిచేటప్పుడు "కృష్ణ" అంటాం కాబట్టి ఇక్కడ పిలుస్తున్నది కృష్ణమ్మనే, సందేహం లేదు.

"గోదావరీ సరస్వతీ" అని దీర్ఘాలు తీసి చదివేవాళ్లు మాత్రం ఒక్కసారి చూసుకోండి. తెలుగులో పిలిచేటప్పుడు చివర దీర్ఘం తీస్తాం, "ఓ గౌరీ" అని. సంస్కృతంలో తిరగబడుతుంది, ఈకారాంత స్త్రీలింగం పిలుపులో హ్రస్వమైపోతుంది. ఆ లెక్కన సింధు విడిగా పిలుపైతే "సింధో" అనాలి. అలా అంటే అయిదో అక్షరం గురువై పాదం కుంటుతుంది. అందుకే "సింధుకావేరి" అని కలిపి చదివితే బాగుంటుందని నా అభిప్రాయం.

మీ ఇళ్లలో ఏ పాఠం ఉందో చెప్పండి.

గుంటూరు నుంచి ఒక జవాబు:
మా ఇంట్లోనూ కృష్ణే అనే చదువుతామండీ. సంకల్పంలో కూడా కృష్ణను తలుచుకోకుండా ఉండం. మీ విజయవాడలో "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అంటారు, బ్యారేజీ దాటి సీతానగరం వైపు వచ్చామంటే "కృష్ణా కావేర్యోః" అయిపోతుంది. స్నానం చేసేది ఒకే నీళ్లలో, ఏ ఒడ్డున నిలబడ్డామన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

ఇంకొక జవాబు:
అక్కా, చెప్పుకునేది సప్తనదులు కదా. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. కృష్ణను చేరిస్తే ఎనిమిదవుతాయి. పెద్దలు ఏడే చెప్పినప్పుడు మనం మార్చడం తప్పు కాదా?

నా జవాబు:
తమ్ముడూ, ఏడు లెక్క నిజమే, పాత పాఠం చైవ అనే నేనూ అనుకుంటున్నాను. కానీ నాలుగో పాదం చూడు. జలే + అస్మిన్, "ఈ నీటిలో". పున్నమి ఘాట్‌లో మోకాళ్ల లోతు దిగి దోసిలి పట్టామంటే ఆ "ఈ నీరు" కృష్ణే. ఎదురుగా ఉన్నమ్మను పిలవక్కర్లేదు, మిగిలిన ఏడుగురినీ ఆమెలోకి రమ్మంటున్నాం. 2016 పుష్కరాల్లో అక్కడే మునిగి చైవ అన్నవాళ్లు కృష్ణను వదిలేసినట్టు కాదు. పట్టిసీమ నుంచి ఎత్తిన గోదావరి కాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఆ సంగమం దగ్గర "గోదావరి" అని పలికితే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మా అమ్మమ్మది నరసరావుపేట అవతల పల్లె. కలశంలోకి బావి నీళ్లు చేదుకునేది. కృష్ణలో మునగాలంటే బస్సెక్కి రావాలి, అదీ ఏడాదికి ఒక్కసారి. ఆ ఉప్పటి బావి నీళ్ల మీద చెయ్యి పెట్టి అందరితో పాటు తనకు తెలిసిన నదిని పేరు పెట్టి పిలుచుకుంది. మా కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్లే కాబట్టి మా అమ్మాయి చైవ అంటే నేను అడ్డు చెప్పను. నేను మాత్రం అమ్మమ్మ చెప్పినట్టే చదువుతాను.