పాత సినిమా పాటల పుస్తకాలు పాడవకుండా ఎలా దాచాలి?

అందరికీ నమస్కారం. 1930లు, 40ల నాటి తెలుగు సినిమా పాటల పుస్తకాలు సేకరిస్తుంటాను. అందరికీ తెలిసిన హిట్ల కన్నా, ఇప్పుడెవరూ తలుచుకోని సినిమాలంటేనే నాకు ప్రాణం. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రింటే మిగల్లేదు కదా! అప్పటి నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, డబ్బాల్లోనే పాడైపోయేది. అలా పోయిన సినిమాల కథ, పాటలు, నటీనటుల పేర్లు చాలావరకు ఈ చిన్న పుస్తకాల్లోనే బతికున్నాయి.

నా దగ్గరున్నవాటికి పిన్నులు తుప్పుపట్టాయి, కాగితం ముట్టుకుంటే పొడిపొడి అవుతోంది. పిన్నులు తీసి దారంతో కుట్టించవచ్చా? లామినేషన్ చేయించకూడదంటారు, మరి దేనిలో పెట్టాలి? మడత దగ్గర విరగకుండా స్కాన్ చేయడం ఎలా? చేసినవాళ్లెవరైనా చెప్పండి. మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి.