కారు డోరు తగిలి స్కూటీ పడింది: క్లెయిమ్ పెట్టాలా, చేతి డబ్బుతో చేయించాలా?

ప్రగతినగర్_110:
నిన్న సాయంత్రం నిజాంపేట రోడ్డులో పక్కన ఆపిన కారు డోరు ఉన్నట్టుండి తెరిచారు. నా స్పీడు పాతిక లోపే. డోరు అంచు ఎడమ హ్యాండిల్‌కి తగిలి బండి ఎడమ పక్కకి పడింది. 110 సీసీ బీఎస్6 స్కూటీ, కొని రెండేళ్ల మూడు నెలలు.

ఎడమ అద్దం విరిగింది, బ్రేక్ లివర్ వంగింది, ముందు మడ్‌గార్డ్ పగిలింది, ఎడమ వైపు ప్యానెల్ గీసుకుపోయింది. బండి స్టార్ట్ అవుతోంది కానీ నేరుగా పోవాలంటే హ్యాండిల్ కొంచెం కుడికి తిప్పి పట్టుకోవాల్సి వస్తోంది. షోరూమ్ వాళ్లు చూడగానే ఫోర్క్‌తో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు) సహా 6,800 ఎస్టిమేట్ ఇచ్చారు. వీధి చివర మెకానిక్ 2,200లో అయిపోతుందంటున్నాడు. కారాయన 2,000 ఇస్తాను, పోలీసుల దాకా వద్దు, "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఒక కాగితం రాసివ్వమంటున్నాడు. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 25% అని ఉంది, అది పోతుందని భయం. నాకు అరచేయి దోక్కుపోయింది, మణికట్టు నొప్పిగా ఉంది, అంతే. ఏం చేయమంటారు?

కోన్‌సెట్:
ముందు ఫోర్క్ సంగతి తేల్చుకోండి. 2,200కీ 6,800కీ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం అదే. హ్యాండిల్ వంకరైన ప్రతిసారీ ఫోర్క్ వంగినట్టు కాదు. చిన్న స్పీడులో పడినప్పుడు ఫోర్క్ గొట్టాలు టి-స్టెమ్ క్లాంపుల్లో (గొట్టాలని పైన బిగించి పట్టే భాగం) కాస్త తిరిగిపోవడం మామూలే. అదొక్కటే అయితే ముందు చక్రం యాక్సిల్ నట్టు, క్లాంపు బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టి హ్యాండిల్ సరిచేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. పార్టు ఖర్చేమీ ఉండదు. బిగించేటప్పుడు మాత్రం టార్క్ రెంచ్ (సరైన బిగువు కొలిచి బిగించే పానా) ఉన్నవాళ్ల చేతే చేయించండి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఎదురుగా నేల మీద కూర్చుని రెండు ఫోర్క్ కాళ్లనీ చూడండి. రెండూ సమాంతరంగా ఉండి చక్రం మాత్రం పక్కకి తిరిగి ఉంటే అది మెలిక. ఒక కాలు రెండోదానికంటే వెనక్కి పోయినట్టు కనిపిస్తే అది బెండు. బెండు వచ్చిన గొట్టాన్ని ప్రెస్సులో పెట్టి సాపు చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. సాపు చేసిన చోట ఇనుము బలహీనపడుతుంది, పైగా లోపలి ఆయిల్ సీల్ కొన్నాళ్లకే కారుతుంది.

చక్రం గాల్లో ఉండగానే హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మెల్లగా అటు చివర నుంచి ఇటు చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలో "టక్" మని పట్టుకుంటే కోన్ సెట్‌లో (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) గుంటలు పడ్డాయని అర్థం, సెట్ మొత్తం మార్చాలి. తర్వాత రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో పెన్ను పెట్టి చక్రం తిప్పండి. ఒక చోట తగిలి ఇంకో చోట ఖాళీ వస్తే రిమ్ము వంగింది. ట్యూబ్‌లెస్ టైరైతే ఆ వంగిన అంచు దగ్గరే గాలి మెల్లగా పోతుంది, సబ్బునీళ్లు రాస్తే బుడగలు కనిపిస్తాయి.

వంగిన లివర్‌ని సుత్తితో సరిచేయనివ్వకండి. అది పోత అల్యూమినియం, ఇప్పుడు నిలబడ్డా ఏదో ఒక రోజు గట్టిగా బ్రేక్ వేసినప్పుడు విరుగుతుంది. మీ బండికి ఎడమ లివరే కాంబి బ్రేక్, ముందూ వెనకా రెండూ దానితోనే పట్టాలి. కొత్తది వేశాక చక్రాలు విడివిడిగా గాల్లో తిప్పి, ఎడమ లివర్ నొక్కితే రెండూ ఆగుతున్నాయో లేదో చూడండి. లివర్ పక్కనే చిన్న బ్రేక్ స్విచ్ ఉంటుంది. దాని బ్రాకెట్ వంగితే వెనక ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూ బ్యాటరీ తినేస్తుంది, లేదా బ్రేక్ పట్టినా సెల్ఫ్ అందుకోదు. చాలామంది దీన్ని ఇంజన్ ప్రాబ్లం అనుకుని తిరుగుతుంటారు.

ఎడమకి పడింది కాబట్టి సీవీటీ కవరు (ఎడమ పక్క బెల్టు మీద ఉండే మూత), కిక్ రాడ్ కూడా చూడండి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున ఆయిల్ చుక్కలున్నాయేమో చూడండి. ఇంకో మాట: బీఎస్6 బండి పడగానే ఆగిపోయి, లేపాక స్టార్ట్ కాకపోతే కంగారు పడక్కర్లేదు. చాలా బళ్లలో వంగితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

మణికట్టు_ఎక్స్‌రే:
"మణికట్టు నొప్పి, అంతే" అని తేలిగ్గా తీసేయకండి. అరచేయి నేలకి ఆనించి పడ్డప్పుడు స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లడం చాలా మామూలు. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో, చేతి వెనక వైపు, ఒక గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలో వేలితో నొక్కండి. అక్కడ పదునుగా నొప్పి పుడితే ఈ రోజే ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి. మొదటి ఎక్స్‌రేలో ఈ విరుపు కనిపించకపోవచ్చు. అందుకే అనుమానం ఉంటే కట్టు కట్టి 10 నుంచి 14 రోజులకి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. వదిలేస్తే ఆ ఎముకకి రక్తప్రసరణ సరిగా అందక అతుక్కోకపోవచ్చు, తర్వాత ఆపరేషన్ దాకా పోవచ్చు. కాబట్టి ఈ రెండు వారాలు గడిచేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

దోక్కుపోయిన చోట ధారగా పడే నీళ్లలో సబ్బుతో కడిగి ఇసుక రేణువులన్నీ పోయేలా చూడండి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. రోడ్డు మట్టి అంటిన గాయం కాబట్టి, చివరి టీటీ ఇంజెక్షన్ తీసుకుని ఐదేళ్లు దాటితే ఇప్పుడు ఇంకోటి వేయించుకోవాలి. తలకి దెబ్బ తగిలిందా, లేదా అన్నది మీరు రాయలేదు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, అతిగా నిద్రమత్తు, చెవి ముక్కుల నుంచి నీరో రక్తమో, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. హెల్మెట్ నేలకి తగిలి ఉంటే పైకి గీతే కనిపించినా మార్చేయండి. లోపలి థర్మకోల్ ఒకసారి నొక్కుకుపోయాక రెండో దెబ్బని ఆపలేదు.

ఓడీ_లెక్క:
బోనస్ భయం గురించి. టూవీలర్‌కి ఈ భయం అసలు నష్టం కంటే పెద్దది. బోనస్ వర్తించేది ఓన్ డ్యామేజ్ (ఓడీ, అంటే మన బండి నష్టానికి కట్టే) ప్రీమియం మీద మాత్రమే, థర్డ్ పార్టీ (అవతలివాళ్ల నష్టానికి కట్టేది) మీద కాదు. బోనస్ తీయకముందు మీ ఓడీ ప్రీమియం 1,000 అనుకుందాం. క్లెయిమ్ లేకుంటే వచ్చే రెన్యువల్స్‌లో వరసగా 35, 45, 50, 50, 50 శాతం వస్తుంది. క్లెయిమ్ పెడితే 0, 20, 25, 35, 45. తేడాలు కలిపితే 105 శాతం, అంటే ఐదేళ్లలో మొత్తం 1,050 రూపాయలు. బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే.

డబ్బు తినేది తరుగుదల, అంటే భాగాలు పాతబడ్డాయని కంపెనీ కోసుకునేది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి బండి వయసుతో పని లేకుండా సగమే ఇస్తారు. ఇనుప భాగాలకి రెండు నుంచి మూడేళ్ల మధ్య బండికి 15% కోత. అద్దం పగిలితే గాజుకి కోత లేదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కి ఉంటుంది. లేబర్ పూర్తిగా ఇస్తారు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతుని రంగు ఖర్చుగా లెక్కేసి అందులో సగం కోస్తారు. చివర్లో టూవీలర్‌కి తప్పనిసరి కోత 100.

మీ 6,800లో ప్లాస్టిక్ 2,600, ఇనుము 2,300, లేబర్ 1,400, పెయింట్ 500 అనుకుంటే వచ్చేది 1,300 + 1,955 + 1,400 + 437. అందులో 100 తీస్తే సుమారు 4,990. మీ జేబు నుంచి 1,810, బోనస్ నష్టం 1,050, కలిపి 2,860 దాకా అవుతుంది. అంటే ఫోర్క్ బాగుండి మెకానిక్ 2,200లో పూర్తి చేస్తే క్లెయిమ్ దండగ. ఫోర్క్ మార్చాల్సి వస్తే క్లెయిమే లాభం. నిల్ డిప్రిసియేషన్ (తరుగుదల కోత లేని కవర్) తీసుకుని ఉంటే ఈ లెక్క ఇంకా మీ వైపే మొగ్గుతుంది, పాలసీలో ఆ మాట ఉందేమో చూడండి.

క్లెయిమ్ అనుకుంటే ఈ రోజే ఫోన్ చేసి నంబరు తీసుకోండి. కంపెనీ తరఫు మనిషి బండి చూసే సర్వే అయ్యేదాకా ఒక్క బోల్టూ విప్పించొద్దు. విప్పిన బండికి "ఇది ఆ ప్రమాదంలో పాడయిందే" అని నిరూపించడం కష్టం. ఆర్సీ, లైసెన్స్ ప్రమాదం రోజుకి చెల్లుబాటులో ఉండాలి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా: 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త బళ్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు. చాలా పాలసీల్లో ఓడీ మాత్రం ఒక్క ఏడాదికే. "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా" అనుకుని రెండో ఏడాది రెన్యువల్ మానేస్తే క్లెయిమ్‌కి దారే ఉండదు.

జీడీ_ఎంట్రీ:
కారాయన 2,000 సంగతి. పైన ఓడీ_లెక్క గారు చెప్పిన క్లెయిమ్ పెట్టేట్టయితే, ఆ డబ్బూ తీసుకుని కాగితమూ రాసివ్వకండి. మీకు చెల్లించాక ఆ కారు వైపు నుంచి వసూలు చేసుకునే హక్కు ఇన్సూరెన్స్ కంపెనీకి ఉంటుంది. మీరు ముందే వదులుకుంటే మీ క్లెయిమ్‌కే చిక్కు.

మీ వైద్యం ఖర్చు మీ ఓడీ పాలసీలో రాదు. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. మణికట్టు విరిగిందని తేలితే ఖర్చు రావాల్సింది ఆ కారు థర్డ్ పార్టీ పాలసీ నుంచి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా. దానికి గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. అప్పుడు పోలీసు రికార్డు, ఆసుపత్రి రికార్డు రెండూ అడుగుతారు. అందుకే డాక్టరుకి "పడ్డాను" అనకుండా రోడ్డు ప్రమాదం అని చెప్పి, కారు నంబరుతో సహా రాయించండి. స్టేషన్లో దరఖాస్తు ఇచ్చి జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టరు) నమోదు చేయించి నంబరు తీసుకోండి. గాయమైన ప్రమాదాన్ని 24 గంటల్లో పోలీసులకి తెలపడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత కూడా, కాబట్టి ఈ సాయంత్రం లోపు వెళ్లండి. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత సంగతి.

ఎదురుగా ఉన్న షాపుల సీసీ కెమెరాల్లో పాత రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది, దాన్ని కూడా ఈ రోజే అడగండి.

ప్రగతినగర్_110:
చాలా థాంక్సండి. బొటనవేలి దగ్గర గుంటలో నొక్కితే నిజంగానే గట్టిగా నొప్పి వస్తోంది, మధ్యాహ్నం ఆర్థో దగ్గరికి వెళ్తున్నాను. హెల్మెట్‌కి ఏమీ తగల్లేదు. మెయిన్ స్టాండ్ మీద చూస్తే ఫోర్క్ కాళ్లు రెండూ సమాంతరంగానే ఉన్నాయి, చక్రమే తిరిగి ఉంది. కోన్ సెట్ ఎక్కడా పట్టుకోవట్లేదు.

కోన్‌సెట్:
అయితే ఫోర్క్ మార్చక్కర్లేదు. లివర్, అద్దం, మడ్‌గార్డ్ కొత్తవి, మెలిక తీయడం, బ్రేక్ సెట్టింగ్: మీ మెకానిక్ చెప్పిన 2,200 సరైన లెక్కే. విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు, పని అయ్యాక బిల్లు తీసుకోండి. బండి మీరు నడపకుండా ఎవరినైనా తీసుకెళ్లమనండి, ఆ చేత్తో బ్రేక్ పట్టడం కుదరదు.

జీడీ_ఎంట్రీ:
కారాయనకి ఫోన్ చేసి, ఎక్స్‌రేలు అయ్యాక మాట్లాడదామని చెప్పండి. అప్పుడు డబ్బు తీసుకున్నా కాగితంలో "బండి రిపేరు నిమిత్తం" అని మాత్రమే రాయండి. గాయం ఊసు అందులో ఉండకూడదు.