అప్‌డేట్: పాలు, పెరుగు మానేశాక వచ్చిన నీరసానికి కారణం దొరికింది
కొలెస్ట్రాల్ తగ్గడానికి మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశాక నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు మొదలయ్యాయని, పైగా పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు ఉండడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ సరిగానే ఉంది కానీ విటమిన్ బి12 బాగా తక్కువగా ఉందని, మొక్కల నుంచి వచ్చే ఆహారంలో అది దాదాపు దొరకదు కనుక మాత్రలు మానకూడదని డాక్టరుగారు చెప్పారు. వాడుతున్నాను, తిమ్మిర్లు తగ్గాయి. ప్రొటీన్ పొడి అవసరమే పడలేదు.

పల్లీల పెరుగు సలహా మాత్రం అద్భుతం: నానబెట్టిన పల్లీలను రుబ్బి, వడకట్టి, ఆ పాలను మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తొడిమలతో పచ్చిమిరపకాయలు వేసి ఉంచితే తోడుకుంటుంది. మొదటిసారి కాస్త పల్లీ వాసన వేస్తుంది. అదే తోడుగా వేసి చేసిన పెరుగును ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఆవకాయతో అడిగి మరీ వేయించుకుంటున్నారు.