నూజివీడు బస్సు ఆగే చోట విడి ఇల్లా, పోరంకిలో ఫ్లాటా?

మామిడితోట
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటున్నాం. మా ఆవిడకు విజయవాడ బదిలీ అయింది. నాది ఇంటి నుంచి చేసే పని. బాబు ఆరో తరగతి. అమ్మానాన్నలు ఆగిరిపల్లిలో ఉంటారు, నాన్నకి మోకాళ్లు అరిగాయి, ఇకమీదట మా దగ్గరే ఉంచుకోవాలని అనుకున్నాం. రెండిళ్లు చూశాం. ఒకటి సింగ్ నగర్‌లో 120 గజాల్లో విడి ఇల్లు, పైన ఒక అంతస్తు, 66 లక్షలు చెబుతున్నారు. రెండోది పోరంకిలో 1,500 అడుగుల ఫ్లాట్, మూడో అంతస్తు, 76 లక్షలు.

నాన్న సింగ్ నగర్ అంటున్నారు. నూజివీడు బస్సు ఎక్కితే నున్న మీదుగా నేరుగా వచ్చి దిగొచ్చు, తోట పని ఉన్నప్పుడల్లా పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు అని. మా ఆవిడ పోరంకి అంటోంది. 2024 సెప్టెంబరు వరద సంగతి మాకు తెలుసు. ఇంటి ఓనరు గారు మాత్రం "మాకు నాలుగు మెట్లున్నాయి, లోపలికి పెద్దగా రాలేదు" అన్నారు. అక్కడ ఉన్నవాళ్లు చెబితే బాగుంటుంది.

గట్టుమీద
కొనకండి. నాలుగు మెట్లంటే రెండడుగులు. సింగ్ నగర్ పక్కనే పాయకాపురంలో మా ఇంటికి ఐదు మెట్లు. హాల్లో నీళ్లు స్విచ్‌బోర్డు దాటాయి. ఫ్రిజ్ వెల్లకిలా తేలింది. మేం మేడ మీద నాలుగు రోజులు ఉన్నాం, ఐదో రోజు పడవలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా తీసుకొచ్చారు. ఇప్పుడు పోరంకిలో అద్దెకు ఉంటున్నాను. ఇంతకంటే చెప్పేదేం లేదు.

మల్లెతీగ
మాది సింగ్ నగరే, ఇరవై రెండేళ్లుగా. ఏ వీధో అడక్కుండానే కొనకండి అని ఎలా అంటారండీ? వీధికీ వీధికీ తేడా ఉంది. రోడ్డు మట్టం చూడాలి, ఇంటి పునాది ఎంత ఎత్తు లేపారో చూడాలి. పాయకాపురం మట్టం వేరు, మా వైపు మట్టం వేరు. మెట్లు లెక్కపెట్టి ఊరంతటికీ తీర్పు చెప్పకూడదు.

గట్టుమీద
మెట్ల మాట నేను మొదలుపెట్టలేదు, ఆ ఇంటి ఓనరే చెప్పారు. ఆరంగుళాల మెట్టు అయితే నాలుగూ కలిపి రెండడుగులు. ఆ ఏరియాలో చాలా వీధుల్లో మనిషి లోతు నీళ్లు నిలిచాయి. రెండడుగుల పునాది ఏం ఆపుతుంది?

మల్లెతీగ
మెట్టు ఎత్తు ఆరంగుళాలని మీకెవరు చెప్పారు? మా వీధిలో ఏడంగుళాల మెట్లున్నాయి, ఎనిమిదివీ ఉన్నాయి.

బందరు రోడ్డు
మెట్లు వదిలేయండి. మామిడితోట గారూ, సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్ నుంచి పోరంకి దాకా ఆ ట్రాఫిక్‌లో ఒక్కసారి బండి మీద వెళ్లి చూడండి. ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి.

కాలువకట్ట
అసలు ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోకుండా మెట్ల గురించి మాట్లాడితే ఆయనకి ఏం ఉపయోగం? బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేట్లో కలుస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వరదని డైవర్షన్ కాలువలోకి తిప్పి కృష్ణలో కలపాలి. ఆ రెండు రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. పైగా డైవర్షన్ కాలువ కట్టకి మూడు గండ్లు పడ్డాయి. ఆర్మీ వచ్చి మూడో గండి పూడ్చేదాకా నీళ్లు ఊరి మీదికి వస్తూనే ఉన్నాయి. మన వీధి మట్టం ఎంతైనా సరే, అసలు ప్రశ్న ఆ కట్టలు గట్టిపడ్డాయా లేదా అన్నది. ఇల్లు కొనేవాళ్లు ముందు వెళ్లి చూడాల్సింది అక్కడే.

కృష్ణలంక పాతకాపు
నేనూ ఒక మాట చెబుతాను. 2009 అక్టోబరులో కృష్ణకి వరదొస్తే సామాన్లు అటక మీద పెట్టి పిల్లల్ని తీసుకుని స్కూల్లో పడుకున్నాం. అప్పుడు కృష్ణలంకలో ఇల్లుందంటే సంబంధాల వాళ్లు కూడా వెనకాడేవాళ్లు. రిటైనింగ్ వాల్ కట్టారు. 2024లో 2009 కంటే ఎక్కువ నీళ్లొచ్చాయి, మా వీధి తడవలేదు. కట్ట కడితే రోజులు మారతాయి.

గట్టుమీద
బాబాయ్ గారూ, మీకు గోడ కట్టాక మీరు ధైర్యంగా ఉన్నారు. బుడమేరుకి పని పూర్తయ్యాక కొనమని నేనూ అంటాను. అంతదాకా ఆ 66 లక్షలు ఎవరిచేతా పెట్టించకండి.

లోన్ సెక్షన్
బ్యాంకులో లోన్ సెక్షన్‌లో పాతికేళ్లు చేసి రిటైరయ్యాను. లెక్క కూడా చూసుకోండి. 30 లక్షలు దాటి 75 లక్షల్లోపు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇస్తారు. 76 లక్షల ఫ్లాట్‌కి మీ చేతిలోంచి 15.20 లక్షలు పోవాలి. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 5.70 లక్షలు. ఇది లోన్‌లో కలవదు. మొత్తం 21 లక్షలు దగ్గర పెట్టుకోండి. ఫ్లాట్ ఇంకా కడుతుంటే 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు. విడి ఇంటికైతే ఇదే లెక్కన 18.15 లక్షలు. ఏది కొన్నా ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల కాగితాలు, లాయరుకి చూపించండి, 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో, సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. ఇంకొకటి, "భారత్ గృహ రక్ష" అని 2021 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇస్తున్న పాలసీ ఉంది, వరద నష్టం కూడా అందులోకి వస్తుంది. మన వాళ్లు బండికి చేయిస్తారు, ఇంటికి చేయించరు.

పోరంకి ఫ్లాట్
ఫ్లాట్ కొనేవాళ్లకి నా అనుభవం. 1,450 అడుగులన్నారు. గృహప్రవేశం అయ్యాక మా బావమరిది టేపు పెట్టి గది గది కొలిస్తే 1,060 వచ్చింది. మిగిలింది గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్. స్థలంలో నా వాటా 38 గజాలు. బిల్డర్ని అడిగితే అందరికీ ఇలాగే ఇస్తాం అన్నాడు. మీరు రెరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే చోటు, ఎంతో కాగితం మీద రాయించుకోండి. వాన పడితే మా వీధిలో కూడా రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి, డ్రైనేజీ లేదు. అయితే ఇంట్లోకి రావు, అది నిజం.

మల్లెతీగ
అదీ చూశారా. 76 లక్షలు పెట్టి 38 గజాలు. ఇక్కడ 66 లక్షలకి 120 గజాలు. వరదొచ్చినా నేల ఎక్కడికీ పోదు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులంటున్నారు, లిఫ్టు పాడైన రోజు మూడంతస్తులు ఎలా ఎక్కుతారు? బస్సు ఎక్కాలంటే పోరంకి నుంచి ముందు బస్టాండుకి రావాలి, అక్కడ మళ్లీ బస్సు మారాలి. ఆయన తోటకి వెళ్లడం మానేస్తారు. తోట మానేసిన రైతు నాలుగ్గోడల మధ్య ఎలా ఉంటాడో మా మావగారిని చూశాను నేను.

ఇంకో మాట. 2005లో బుడమేరు పొంగినప్పుడు మా వీధికి చుక్క నీళ్లు రాలేదు. 2024 ఒక్కసారే.

గట్టుమీద
ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండాల్సింది మీరు.

2018లో నేను పాయకాపురంలో ఇల్లు కొనేముందు వీధిలో ఆరిళ్లు తిరిగాను. ప్రతి గడపలోనూ అడిగాను, 2005లో నీళ్లొచ్చాయా అని. చుక్క రాలేదన్నారు. ఒకావిడ కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. 48 లక్షలు పెట్టాను, మా ఆవిడ నగలు అందులోనే ఉన్నాయి. వరద తీశాక బురద ఎత్తుతుంటే పక్కింటాయన అన్నాడు, "అప్పుడు కూడా ఇంతే తమ్ముడూ, కాకపోతే నడుం దాకా" అని. నా చేతిలో పార అలాగే ఉండిపోయింది. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు పేపర్ల మధ్య పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టుకున్నాం. ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు కరెంటు పనికే చాలలేదు. నేను మెట్ల గురించి, మట్టం గురించి మాట్లాడటం లేదండీ. అడిగినవాడికి అబద్ధం చెప్పారు అంటున్నాను. ఇప్పుడు ఈయన అడుగుతున్నాడు.

మల్లెతీగ
నన్ను అబద్ధాలకోరు అంటున్నారా?

గట్టుమీద
మీ వీధి సంగతి నాకు తెలియదు. మీరు చెప్పండి.

బందరు రోడ్డు
కాస్త నెమ్మదిగా మాట్లాడుకోండి. సింగ్ నగర్ మొదటి నుంచీ అలాంటి ఏరియానే, అందరికీ తెలిసిందే కదా. దీనికి గొడవెందుకు?

మల్లెతీగ
"అలాంటి ఏరియా" అంటే ఎలాంటి ఏరియా? వరద 2024లో వచ్చింది. మీ నోట ఈ మాట ఇరవై ఏళ్ల నుంచి వింటున్నాను. ఫ్లైఓవర్ అవతల అంటారు. మా అమ్మాయికి మొగల్రాజపురం సంబంధం వచ్చింది, అబ్బాయి బాగున్నాడు, జాతకాలు కలిశాయి. ఇల్లెక్కడ అని అడిగి చెప్పాక ఫోన్ ఎత్తలేదు. ఆ ఫ్లైఓవర్ అవతల ఉన్నవాళ్లే మీ షాపుల్లో నిలబడేది, మీ ఇళ్లకి రంగులు వేసేది, మీ ఆటోలు నడిపేది. మా ఆయనదీ ఆటోనే.

గట్టుమీద గారూ, మీరు అమ్ముకుని వెళ్లగలిగారు. నష్టానికి అమ్మారు, నాకు తెలుసు, బాధే. మేం నష్టానికి కూడా అమ్మలేం. పెళ్లి అప్పుకి ఆ ఇంటి కాగితాలే తాకట్టులో ఉన్నాయి. మీలాంటివాళ్లు కొనకండి అని రాసిన ప్రతిసారీ మా ఇంటి విలువ ఇంకొంచెం తగ్గుతుంది. ఎవరూ రాకపోతే మా వీధి అలాగే ఉండిపోతుంది, ఎవరికీ పట్టదు. నలుగురు చదువుకున్నవాళ్లు వచ్చి ఉంటేనే కట్ట సంగతి అడిగే నోరు ఉంటుంది మాకు. అందుకని చెప్పాను.

గట్టుమీద
అమ్మా, నేను మీ ఇంటి ధర తగ్గించడానికి రాయలేదు. కట్ట సంగతి అడగాలంటే నీళ్లొచ్చాయని ముందు ఒప్పుకోవాలి. 2005లో రాలేదని అందరం చెప్పుకుంటూ పోతే, 2024 ఎప్పుడో ఒకసారి వచ్చే వరద అయిపోతుంది. అలాంటి దానికి ఎవరూ డబ్బు పెట్టి కట్ట కట్టరు. నాకు అబద్ధం చెప్పినవాళ్లు కూడా మీలాగే భయపడే చెప్పారేమో. అయినా మునిగింది నేను.

కృష్ణలంక పాతకాపు
మాకు గోడ వచ్చింది ఏటా మునుగుతున్నామని ఏటా మొత్తుకున్నాకే. అంతే చెప్పగలను.

మామిడితోట
నా వల్ల ఇంత గొడవ అవుతుందనుకోలేదు. ఇద్దరూ క్షమించండి. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు, "ఆ అమ్మాయి వాళ్ల వీధిలో 2005లో వచ్చాయా, రాలేదా?" అని.

మల్లెతీగ
ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మా ఆయన్ని కూడా అడిగాను, రాయి అన్నాడు.

వచ్చాయి. మోకాలి దాకా. అప్పటికి మా అమ్మాయికి ఏడాదిన్నర, భుజాన వేసుకుని మేడ మీదికి ఎక్కించాను. 2024లో నా భుజం దాకా. తొమ్మిది రోజులకి దిగాయి. పెద్దాయనకి చెప్పండి, బస్సు సంగతి నిజం, గాలీ వెలుతురూ నిజం, ఇరుగుపొరుగు నిజం. వరద రోజుల్లో ఎవరింట్లో బియ్యం తడవకుండా ఉన్నాయో వాళ్లింట్లోనే వీధంతటికీ వండాం. నీళ్లు కూడా నిజం.

మీరు ఆ ఇంటికి మళ్లీ వెళితే గోడలు చూడకండి, గోడలకి అందరూ రంగు వేస్తారు. కరెంటు మీటరు పాత చోటే ఉందా, పైకి జరిపారా చూడండి. తలుపుల కింది భాగం గోరుతో నొక్కండి, ఉబ్బిన చెక్క పొరలు పొరలుగా లేస్తుంది. గోడ అల్మారాల్లో సామాను తీయించి వెనక చెక్క చూడండి. మా ఇంట్లో ఇప్పటికీ రెండు గీతలున్నాయి, కింద ఒకటి, పైన ఒకటి. అక్కడ రంగు వెయ్యాలని ఎవరికీ తోచదు.

గట్టుమీద
ధన్యవాదాలమ్మా. నా సలహా అయితే మారలేదు. కట్ట పని పూర్తయ్యేదాకా ఆగండి, అంతదాకా అద్దెకు ఉండండి.

మామిడితోట
అక్కా, మేం చూసిన ఇంట్లో అల్మారాలన్నీ కొత్తవే. తలుపులూ కొత్తవే. పోయినేడాది మొత్తం ఇంటీరియర్ మార్పించామని ఓనరు గారు ఒక్కొక్కటీ తెరిచి చూపించారు. ఆదివారం నాన్నని తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. ముందు మీ ఇంటికి వస్తాం.