డెవర్స్ ట్రేడ్ గురించి, కాంట్రాక్ట్ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తారా ప్లీజ్

అందరికీ నమస్తే అండి. మేం బోస్టన్ దగ్గర ఉంటాం, మా అబ్బాయి వల్లే నాకు బేస్‌బాల్ అలవాటయింది, ఇప్పుడు వాడికంటే నేనే ఎక్కువ చూస్తున్నా. 2025 జూన్ 15న మా బోస్టన్ రెడ్ సాక్స్ బ్యాటర్ రఫేల్ డెవర్స్ మధ్యాహ్నం న్యూయార్క్ టీమ్ యాంకీస్ మీద హోమర్ (హోమ్ రన్) కొట్టాడు, సాయంత్రానికల్లా అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ట్రేడ్ చేసేశారు, అంటే వేరే ఆటగాళ్లని తీసుకుని అతన్ని ఇచ్చేశారు. మావాడు డెవర్స్ 11 నంబర్ జెర్సీ విప్పి మడతపెట్టి అలమారలో అట్టడుగున పెట్టేశాడు, ఇంతవరకూ బయటికి తియ్యలేదు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గొడవ ఎక్కడ మొదలైందో తెలుసు. థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే బ్రెగ్‌మన్ టీమ్‌లోకి రాగానే డెవర్స్‌ని ఆ థర్డ్ బేస్ నుంచి తీసేసి డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) పెట్టారు, మేలో ఫస్ట్ బేస్ ఆడే కాసస్‌కి మోకాలి దగ్గర టెండన్ తెగి సీజన్ మొత్తం పోయేసరికి ఫస్ట్ బేస్ ఆడమని అడిగితే డెవర్స్ ఒప్పుకోలేదు. నా దృష్టిలో తప్పు ఇద్దరిదీ ఉంది, కానీ ముందు నుంచీ కూర్చోబెట్టి మాట్లాడాల్సింది మాత్రం టీమే.

నాకు అర్థం కానిది డబ్బు సంగతి. 10 ఏళ్లకి 313.5 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్, అందులో మిగిలిన 250 మిలియన్ల పైచిలుకు మొత్తం జెయింట్స్ నెత్తినేసుకున్నారు కదా, మరి లగ్జరీ ట్యాక్స్‌కి (టీమ్ జీతాలు ఒక హద్దు దాటితే కట్టే పన్ను) కాంట్రాక్ట్‌లో ఏడాదికి వచ్చే పాత యావరేజే లెక్కేస్తారా, లేక మిగిలిన ఏళ్లకి కొత్తగా కడతారా? ఇంకోటి, మేజర్ లీగ్‌లో పదేళ్ల సర్వీస్, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీమ్‌లో ఉంటే ట్రేడ్ వద్దనే హక్కు వస్తుందంటారు, 2017లో వచ్చిన డెవర్స్‌కి అది ఇంకా రాలేదు సరే, కాంట్రాక్ట్ రాసుకునేటప్పుడే నో-ట్రేడ్ (తన ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చెయ్యకూడదనే షరతు) ఎందుకు అడగలేదంటారు? మావాడు రోజూ అడుగుతున్నాడు, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.