పెరట్లో పంపాస్ గడ్డి: ఉంచాలా, తీయించాలా?

కోస్తా_కాపురం:
కాలిఫోర్నియాలో శాంతా క్రజ్ దగ్గర ఈమధ్యే ఇల్లు కొన్నాం. పెరట్లో కంచె పక్కన మనిషెత్తు దాటిన గడ్డి దుబ్బు ఒకటుంది, దూరం నుంచి చూస్తే అచ్చం మన రెల్లు పూసినట్టే ఉంటుంది. అమ్మ తెగ ముచ్చటపడిపోయి, వెళ్లేటప్పుడు నాలుగు కంకులు హైదరాబాద్ పట్టుకెళ్తానంటోంది. పక్కింటాయనేమో వెంటనే పీకించెయ్యమంటున్నాడు. ఒక్క దుబ్బుకే ఇంత టెన్షన్ దేనికండీ?

మట్టి_మనిషి:
ఆయన చెప్పింది నిజమేనండి. ఒక్కో కంకిలో లక్ష దాకా విత్తనాలుంటాయి, గాలికి మైళ్ల దూరం పోతాయి. అర్జెంటీనా, ఉరుగ్వే వైపు గడ్డి ఇది. 19వ శతాబ్దంలో శాంతా బార్బరాలో కంకుల కోసమే దీన్ని సాగు చేశారు, 1946లో నేల కోసుకుపోకుండా ప్రభుత్వం వాళ్లే నాటించారు. ఇప్పుడు కాలిఫోర్నియాలో బాగా హాని చేసే కలుపు మొక్కల్లో ఇదొకటి. న్యూజిలాండ్‌లో అయితే అమ్మడం కూడా నిషేధం. ఎండుటాకులు లోపలే పేరుకుంటాయి కాబట్టి నిప్పు భయం వేరే.

పొద్దున్నే_తోటలో:
ముందు అది ఏ రకమో చూడండి. ఎండిన ఆకుల కొసలు చెక్క తరుగులా చుట్టుకుపోయి ఉంటే అసలు పంపాస్ గడ్డి, అందులో ఆడ దుబ్బులకి విత్తు పట్టాలంటే ఇంకో దుబ్బు పుప్పొడి కావాలి. కొసలు చుట్టుకోకుండా, కంకి ఊదా రంగులో ఆకులకన్నా చాలా ఎత్తున ఉంటే జుబాటా అనే ఇంకో రకం. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండల నుంచి వచ్చింది, మొక్కలన్నీ ఆడవే, పుప్పొడితో పనే లేకుండా విత్తనం కట్టేస్తుంది. మీ కోస్తా పొగమంచు దానికి భలే పడుతుంది.

కోస్తా_కాపురం:
ఇప్పుడే చూశా, చుట్టుకోలేదు. కంకి ఊదాగానే ఉంది 😟

మట్టి_మనిషి:
అయితే ఆలోచించకండి. కంకులు దూది విచ్చినట్టు విచ్చుకోకముందే కోసి, అక్కడికక్కడే చెత్త సంచిలో పెట్టి మూతి కట్టెయ్యండి, కంపోస్టులో మాత్రం వెయ్యొద్దు. తర్వాత ఆకులు కోసి, మొదలు వేళ్లతో సహా తవ్వించండి. పైపైన నరికితే మళ్లీ చిగురేస్తుంది. ఆకు అంచు రంపంలా కోస్తుంది, తోలు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా లేకుండా దిగకండి. తీసిన చోట ఏడాదిపాటు పిల్ల మొక్కలు వస్తున్నాయేమో చూస్తూ ఉండండి, చిన్నప్పుడైతే చేత్తోనే ఊడొస్తాయి.

పొద్దున్నే_తోటలో:
అమ్మగారి సూట్‌కేసు కూడా ఓసారి చూడండి, ఆ కంకులు హైదరాబాద్ వెళ్లకూడదు 😄