సింగిల్ యాక్షన్ రివాల్వర్ ఒక్కటే ఇంటి రక్షణకు సరిపోతుందా?

సెడార్‌పార్క్_శ్రీను:
టెక్సస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డ్ వచ్చింది. షూటింగ్ రేంజ్‌లో కాల్చుకోవడానికి రూగర్ న్యూ వాకేరో ఉంది. సింగిల్ యాక్షన్ రివాల్వర్, అంటే ప్రతి గుండుకీ వెనకుండే హ్యామర్ (సుత్తి) బొటనవేలితో లాగాకే ట్రిగ్గర్ పనిచేస్తుంది. తూటా 357 మాగ్నమ్, 4.62 అంగుళాల బ్యారెల్. రాత్రిపూట ఇంటి రక్షణకి దీన్నే ఉంచుకుందామనుకుంటున్నాను. దుకాణంలో అడిగితే "అది కౌబాయ్ తుపాకీ, వద్దు" అన్నారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇంట్లో 6, 9 ఏళ్ళ పిల్లలున్నారు. వచ్చే నెల అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తున్నారు. దీంట్లో ఆరు గదులూ నింపొచ్చా, ఐదేనా? లేక ట్రిగ్గర్ ఒక్కటి లాగితే చాలే డబుల్ యాక్షన్ కొనుక్కోవాలా?

ఓరుగల్లు:
ఉన్నదాన్నే ఉంచుకోండి అన్నా, డబ్బులు తూటాల మీద, ప్రాక్టీసు మీద పెట్టండి. ఆరూ నింపొచ్చు. ఐదు లెక్క 1873 నాటి కోల్ట్‌ది. దాంట్ల ఫైరింగ్ పిన్, అంటే తూటాను కొట్టే మొన, హ్యామర్ కొసకే ఉంటది. హ్యామర్ దించి పెడితే పిన్ పోయి తూటా వెనకున్న ప్రైమర్ (నిప్పు పుట్టించే బిళ్ళ) మీద కూచుంటది, కింద పడితే పేలుతది. అందుకే ఒకటి పెట్టి, ఒకటి వదిలేసి, నాలుగు పెట్టి, తూటాలు నింపే గేటు మూసి, హ్యామర్ పూర్తిగా లాగి మెల్లగ దించుతరు. అట్ల చేస్తే ఖాళీ గది హ్యామర్ కిందికి వస్తది. హాఫ్‌కాక్ (హ్యామర్ సగం లాగి ఆపిన స్థితి) నుంచి నేరుగ దించొద్దు, సిలిండర్ చుట్టూ గీత పడతది. రూగర్ 1973లనే ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టింది, అంటే హ్యామర్ దెబ్బను పిన్‌కి అందించే చిన్న పట్టీ. ట్రిగ్గర్ వెనక్కి ఉన్నంతసేపే ఆ బార్ పైన ఉంటది, బార్ పైన లేకుంటే హ్యామర్ దెబ్బ పిన్‌కి తగలదు. మీ న్యూ వాకేరోల కూడా అదే ఉన్నది. 1973కి ముందు రూగర్ సింగిల్ యాక్షన్ ఎవరి దగ్గరన్న ఉంటే కంపెనీకి పంపండి, పైసా తీసుకోకుండ మార్చి ఇస్తరు.

ఇక ట్రిగ్గర్. సింగిల్ యాక్షన్‌ల నొక్కేతందుకు మూడు నాలుగు పౌండ్ల బలం చాలు, డబుల్ యాక్షన్ పూర్తి లాగుడుకు పది పన్నెండు. గురి ఎందుల నిలుస్తదో వేరే చెప్పాల్నా?

భీమిలి:
ఓరుగల్లు గారు చెప్పిన మెకానిజం అంతా సరే. కానీ అడిగింది ఇంటి రక్షణ గురించి, అక్కడ కొంప ముంచేది ఐదా ఆరా అన్నది కాదు. ప్రతి గుండుకీ హ్యామర్ లాగాలి. చెమట పట్టిన బొటనవేలు హ్యామర్ పూర్తిగా లేచేలోగా చివర్లో జారిందనుకోండి, సిలిండర్ అప్పటికే తర్వాతి గదికి తిరిగి ఉండొచ్చు. హ్యామర్ ఊరికే పడుతుంది, బార్ లేవదు కాబట్టి పేలదు. మళ్ళీ లాగితే ఇంకో గది తిరుగుతుంది. అంటే కాల్చని గుండు ఒకటి దాటిపోయింది, అది చేతికి తెలియదు.

ఇదే బార్‌తో ఇంకో చిక్కుంది. ట్రిగ్గర్ చటుక్కున నొక్కి వదిలేసే అలవాటున్నవాళ్ళకి హ్యామర్ పడేలోగా బార్ దిగిపోయి దెబ్బ తేలిపోతుంది. హ్యామర్ పడేదాకా ట్రిగ్గర్ వెనక్కి పట్టి ఉంచడం నేర్చుకోవాలి.

నింపడం సంగతి అందరికీ తెలిసిందే. గేటు తీసి ఒక్కో ఖాళీ తొడుగునీ ఎజెక్టర్ కడ్డీతో తోసి, ఒక్కోటీ పెట్టాలి. అందుకని ఉన్న ఆరే మీ లెక్క.

ఓరుగల్లు:
అదే చెప్తున్న, ఆరు. ఐదు కాదు.

బొటనవేలు జారుడు ప్రాక్టీసు లేనోళ్ళకు. రెండు చేతుల పట్టుల కుడి చెయ్యి కదలదు, ఎడమ బొటనవేలే హ్యామర్ లాగుతది. న్యూ మోడల్ రూగర్‌ని ఖాళీగ ఎన్నిసార్లు కొట్టినా ఏం కాదని వాళ్ళ మాన్యువల్‌లనే ఉన్నది. రోజూ ఇంట్ల చేసుకోవచ్చు. ఇక బలం సంగతి. ఆటోమేటిక్ పిస్టల్ స్లైడ్ (వెనక్కి గుంజే పైభాగం) గుంజలేనోళ్ళు, పన్నెండు పౌండ్ల ట్రిగ్గర్ లాగలేనోళ్ళు లేరా? వాళ్ళకు ఇంతకన్న మంచిదేది?

భీమిలి:
చేతి కీళ్ళ నొప్పులు తరచుగా పట్టే చోట్లలో బొటనవేలి మొదలు ఒకటి. అక్కడ నొప్పి ఉన్నవాళ్ళకి హ్యామర్ లాగడమే నరకం, చూపుడువేలితో పదిపౌండ్లు లాగడం నయం. ఇది ఒక్కసారి చేయించి చూడకుండా పెద్దవాళ్ళకి సింగిల్ యాక్షన్ సలహా ఇవ్వడం చాలా ఫోరమ్‌లలో చూస్తున్నాను.

కొత్తగా_వచ్చా:
హెచ్1బి మీద ఉన్నాను, నేను కొనొచ్చా?

ఇర్వింగ్_లత:
కొనకండి. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, విజిటర్, ఏ నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళయినా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, 922(జి)(5). వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి గానీ లాయర్‌ని అడక్కుండా వాటిని నమ్ముకోవద్దు. రేపు గ్రీన్‌కార్డుకే ఎసరు పెడుతుంది.

శ్రీను గారూ, మీ అమ్మానాన్నలకీ ఇదే వర్తిస్తుంది. తుపాకీ పెట్టె తాళం కోడ్ వాళ్ళకి చెప్పొద్దు, "అవసరమైతే తీసుకోండి" అనొద్దు. నింపిన తుపాకీ భద్రం చెయ్యకుండా వదిలేసి, అది 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో అదో నేరం. హ్యామర్ లాగితే తప్ప పేలదు కదా అని సొరుగులో పెట్టేరు, తొమ్మిదేళ్ళ పిల్లాడు రెండు బొటనవేళ్ళతో లాగేస్తాడు.

ఓరుగల్లు:
పెట్టె పెట్టుమనే నేనూ అంటున్న. కానీ కౌబాయ్ తుపాకీ అని తీసిపారేసేటోళ్ళకు ఒక మాట. 1873ల అమెరికా సైన్యం తీసుకున్న తుపాకీ ఇది. 1892ల 38 తూటా డబుల్ యాక్షన్‌కి మారిన్రు, ఫిలిప్పీన్స్ యుద్ధంల అది శత్రువును ఆపలేక పాత 45 సింగిల్ యాక్షన్లే బయటికి తీసిన్రు.

భీమిలి:
ఆపలేకపోయింది 38 తూటా, యాక్షన్ కాదు. 1909లో అదే సైన్యం 45 తూటానే డబుల్ యాక్షన్ కోల్ట్‌లో తీసుకుంది. సగం చరిత్ర చెప్పకండి.

ఓరుగల్లు:
సగం చరిత్ర ఎవరు చెప్తున్నరో చదివేటోళ్ళకు తెలుసు. మీరు మొదటి పోస్టు నుంచి ఆ మనిషిని ఇంకో ఎనిమిది వందల డాలర్లు ఖర్చు పెట్టించేతందుకే చూస్తున్నరు. చేతిల ఉన్నదాంతో నేర్చుకోమంటే తప్పా? దీంట్ల ఇంకో లాభం ఉన్నది. హ్యామర్ లాగి గురి పెట్టి "కదలకు" అంటే, ఆ చప్పుడుకే సగం మంది ఉరుకుతరు. కాల్చాల్నా వద్దా అని ఆలోచించే టైం దొరుకుతది.

భీమిలి:
ఇదిగో, మీకూ నాకూ అసలు పేచీ ఇక్కడుంది. ఇంతసేపూ ఐదూ ఆరూ అని తిరిగాం.

హ్యామర్ లేపిన తుపాకీ మనిషి మీద పెట్టి ఆలోచించడం అంటే, మూడు పౌండ్ల ట్రిగ్గర్ మీద వణికే చెయ్యి పెట్టడమే. వెనక తలుపు ధడేల్మందనుకోండి, ఉలిక్కిపడితే చేతులు రెండూ బిగుసుకుంటాయి, వేలు కూడా. ఇది వాదన కోసం అనట్లేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ పోలీసులు తమ రివాల్వర్లలో సింగిల్ యాక్షన్ అనేదే తీసేసి, డబుల్ యాక్షన్ మాత్రమే పనిచేసేలా చేయించుకున్నారు. ఇంకోటి, "కావాలనే కాల్చాను, ప్రాణభయంతో" అనేది ఆత్మరక్షణ వాదన. "పొరపాటున పేలింది" అంటే ఆ వాదన కోర్టులో నిలవడం కష్టం.

అతను పారిపోయాడే అనుకోండి, లేచిన హ్యామర్ దించాలిగా. మూతి ఎవరూ లేని వైపు తిప్పి, బొటనవేలితో హ్యామర్ గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కదలగానే వేలు పూర్తిగా బయటికి తీసేయాలి. అప్పుడు బార్ దిగిపోతుంది, ఆ తర్వాత జారినా పేలదు. చాలామంది వేలు తియ్యరు, చివరిదాకా నొక్కే ఉంచుతారు. అలా జారితే పేలినట్టే. గుండె దడదడలాడుతుంటే చీకట్లో ఇది చెయ్యాలి.

ఓరుగల్లు:
అంటే తీస్తే కాల్చుడే అంటరా? ఆలోచించొద్దా?

భీమిలి:
ఆలోచించమనే అంటున్నాను, హ్యామర్ ముట్టకుండా. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, తుపాకీ మూతి నేల వైపు. మీ సింగిల్ యాక్షన్‌తో అయినా అంతే. కాల్చాలని తేల్చుకున్నాకే బొటనవేలు కదలాలి.

ఓరుగల్లు:
హ్యామర్ దించి ఉంచుడే అయితే నేను చెప్పినదే గెలిచింది. బొటనవేలు ఒకసారి, చూపుడువేలు ఒకసారి, రెండు పనులు కావాలని చేస్తే తప్ప పేలని తుపాకీ ఇది. నా భయం దొంగ కాదు. ఇంట్లోళ్ళనే కాల్చుకుంటరేమోనని నా భయం. మీ భయం కాల్చలేకపోతరేమోనని.

భీమిలి:
అవును, నా భయం అదే. ఒక చేతిలో ఫోనో, పిల్లాడో, టార్చో ఉన్నప్పుడు ఆ హ్యామర్ లాగే పని జరగడం కష్టం. కానీ మీ భయం తీసిపారేసేది కాదు, శ్రీను గారి ఇంట్లో మరీను. ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం జెట్‌లాగ్‌తో పెద్దవాళ్ళు రాత్రి మూడింటికి లేచి, కొత్త ఇంట్లో స్విచ్ ఎక్కడుందో తెలియక వంటింట్లో తడుముకుంటూ కాఫీ పెట్టుకుంటారు. దానికి మందు టార్చి. అది తుపాకీకి తగిలించింది కాకూడదు, చేతిలోది కావాలి. నేల మీదో సీలింగ్ మీదో వేస్తే గదంతా కనిపిస్తుంది, ఎవరి మీదా మూతి పెట్టక్కర్లేదు. ముందు "ఎవరది?" అని తెలుగులోనే గట్టిగా అరవండి. అటునుంచి "నేనేరా" అని వస్తే సరే. రాకపోతే 911కి ఫోన్ చెయ్యండి.

ఆ టార్చి పట్టుకున్న చేత్తో హ్యామర్ లాగలేరు. అందుకే ఇంకా డబుల్ యాక్షనే అంటున్నాను.

సెడార్‌పార్క్_శ్రీను:
అమ్మానాన్న ఉన్న మూడు నెలలూ తుపాకీ మా పడకగదిలో వేలిముద్ర పెట్టెలోనే, కోడ్ నా ఒక్కడి దగ్గరే. కారిడార్‌లో, వంటింట్లో సెన్సర్ దీపాలు ఈ వారమే పెట్టిస్తాను. డబుల్ యాక్షన్, రూగర్ జీపీ100 లాంటిది, రేంజ్‌లో అద్దెకి తీసుకుని ఎడమ చేతిలో టార్చితో కాల్చి చూస్తాను. అప్పటిదాకా వాకేరోలో ఏ తూటా?

ఓరుగల్లు:
ఇంట్ల 357 వద్దు, నాలుగు గోడల మధ్య చెవులు పోతయి, ఆ మెరుపుకు కండ్లు మూసుకపోతయి. 357లనే పట్టే 38 స్పెషల్ ప్లస్ పీ (కొంచెం ఎక్కువ ఒత్తిడిది), 158 గ్రెయిన్ల బరువున్న సీసపు హాలోపాయింట్ (ముందు గుంత ఉన్న గుండు) పెట్టండి. వాకేరోకు సరిచేసుకోరాని, కదలని సైట్లు (గురి చూసే గుర్తులు). తేలిక తూటా అయితే గురి కన్న కిందికి కొడతది, అందుకే ఏది ఉంచుతరో దాంతోనే 7 గజాల నుంచి ఒక పెట్టె కాల్చి చూడండి. ప్రతి ఇరవై గుండ్లకు బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) ముందుకు జరిగిందేమో, ఎజెక్టర్ గొట్టం స్క్రూ వదులైందేమో చూడండి. పిన్ జరిగితే సిలిండర్ బిగుసుకుంటది.

భీమిలి:
తూటా విషయంలో ఆయన చెప్పిందే. స్క్రూకి నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పెట్టే జిగురు) ఒక్క చుక్క, ఎర్రది వాడొద్దు.